గోడమీది పొద్దు

ఆ గడియారాన్ని నేను నెల రోజుల్లో మూడుసార్లు రిపేరుకి మోసుకెళ్లాను. మొదటి రెండుసార్లూ వాచీల పెద్దాయన దాని వెనక మూత విప్పి, కంటికి భూతద్దం తగిలించుకుని లోపలికి తొంగిచూసి, దీనికే జబ్బూ లేదన్నాడు. అలా చెప్పి పంపేశాడు. మూడోసారి మాత్రం పంపకుండా కూర్చోమన్నాడు. ఆ కూర్చోవడమేదో ఒక్క గంట ముందు కూర్చుని ఉంటే ఇవాళ మీకీ కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఎదుటివాళ్ల తప్పులు చెప్పమంటే నాకు నోరు బాగా ఆడుతుంది. ఈసారి నాది చెప్పుకోవాలి కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

నేను నీళ్ల యార్డులో టైమ్‌కీపర్ని. యార్డు ఎడారి అంచున ఉంది. మా ట్యాంకరు రోజూ పొద్దున నీళ్లు నింపుకుని ఎడారి లోపలున్న రాళ్ల క్వారీకి వెళుతుంది, సాయంత్రానికి ఖాళీగా తిరిగొస్తుంది. అక్కడ నూట ఎనభై మంది తాగేదీ, వండుకునేదీ ఆ నీళ్లతోనే. దాన్ని నడిపేది నా తమ్ముడు. తిరుగు ప్రయాణం మూడు గంటలు. మొదటి రెండుంబావు గంటలూ రాళ్ల దారి, దానికి గట్లున్నాయి, తప్పిపోదామన్నా తప్పిపోలేరు. చివరి ముప్పావుగంట మైదానం. అక్కడ దారంటూ ఏమీ లేదు. అరకిలోమీటరుకొకటి చొప్పున తెల్లరంగు వేసిన డ్రమ్ములు నిలబెట్టారు. ఒక డ్రమ్ము దగ్గరికొచ్చాక తర్వాతి డ్రమ్మును చూసుకుని అటు పోవాలి. వెలుతురుంటేనే అది కనపడుతుంది. ట్యాంకరు దీపాలు అంత దూరం పారవు. పక్కనే ఎప్పుడో పారి ఎండిపోయిన వాగు ఒకటి, మనిషి లోతున, యార్డు నుంచి చూస్తే డ్రమ్ముల వరసకి ఎడమపక్కగా పోతూ ఉంటుంది.

అందుకని యార్డుకో నియమం ఉంది. మైదానంలో చీకటి పడితే డ్రైవరు ఎక్కడివాడక్కడ ఇంజను ఆపి తెల్లారేదాకా కూర్చోవాలి. దాన్ని చీకటి హాల్టు అంటాం. ప్రాణానికి భయం లేదు, ఉద్యోగానికే భయం. ఏడాదిలో మూడు హాల్టులు పడితే డ్రైవర్ని ఆ దారి నుంచి తప్పిస్తారు. మాకు ఇంకో దారి లేదు కాబట్టి ఉద్యోగం పోయినట్టే.

హాల్టు పడకుండా చూడాల్సింది నేను. నా బల్ల వెనక గోడకి పట్టిక ఉంది. ఏడాదిలో ఏ రోజు పొద్దు ఎప్పుడు పొడుస్తుందో, ఎప్పుడు కుంకుతుందో అందులో నిమిషాలతో సహా ఉంటుంది. కుంకే వేళలోంచి మూడు గంటలు తీసేసి, మిగిలిన టైము ఒక చీటీ మీద రాసి రోజూ పొద్దున తమ్ముడి చేతికిస్తాను. క్వారీ స్టోర్‌కీపరు ఆ చీటీలో ఉన్న టైముకి గానీ ట్యాంకర్ని వదలడు. వాళ్ల పై ట్యాంకుల్లోకి నీళ్లెక్కించేది మా ట్యాంకరు పంపు. అది ఎంత ఎక్కువసేపు అక్కడుంటే వాళ్లకంత సుఖం.

ఆ పట్టిక ఎక్కడిదంటారా, అక్కడే ఉంది అసలు సంగతి. మునుపు మా యార్డు ఇక్కడ కాదు, ఉత్తరాన, లారీలో తిన్నగా మూడు రోజులు పోతే వచ్చే ఇంకో ఎడారిలో ఉండేది. అక్కడ బావులు అడుగంటాక, పోయిన ఏడాది చలికాలం ముందు, యార్డు మొత్తాన్ని ఎత్తి ఇక్కడ దించారు. పంపులొచ్చాయి, పైపులొచ్చాయి, నా బల్లా వచ్చింది, గోడమీది పట్టికా వచ్చింది. పదకొండేళ్ల పట్టిక, అంచులు చీకిపోయాయి. నేనే కొత్త అట్ట తెచ్చి, స్కేలు పెట్టి గీతలు కొట్టి, పొడిచే వేళ ఎర్రసిరాతో, కుంకే వేళ నల్లసిరాతో, పదకొండు రోజులు కూర్చుని దించాను. ఒక్క అంకె తప్పుపోలేదు. ఊరు మారితే పట్టిక మారాలా అన్న ఆలోచన నా బుర్రకి తట్టనే లేదు. ఎడారి ఎడారే, సూర్యుడు సూర్యుడే అనుకున్నాను.

చలికాలమంతా తమ్ముడు యార్డుకి బంగారుకొండ. పట్టిక ప్రకారం అయిదు కాకముందే పొద్దు కుంకాలి. వాడు ఆ వేళకి గేటులోకొచ్చి, టైర్లు కడిగి, నా బల్ల మీద కాళ్లూపుకుంటూ టీ తాగుతుంటే బయట ఇంకా ఎండ ఉండేది.

"సూర్యుడు ఇంకా డ్యూటీ దిగలేదేంటక్కా," అనేవాడు.

"నా గడియారం ముందుకి పరిగెడుతోందేమో," అని బ్యాటరీ మార్చాను. మార్చినా అంతే. తొందరగా వస్తే వచ్చిన నష్టమేముందని వదిలేశాను.

మార్చి మూడో వారంలో ఒకరోజు పట్టిక ఆరు గంటలంది, సూర్యుడు సరిగ్గా ఆరింటికి మునిగాడు. ఒక్క నిమిషం తేడా లేదు. నేను పొంగిపోయి మేనేజరుగార్ని బయటికి పిలిచి మరీ చూపించాను. బ్యాటరీ సర్దుకుందని ఆయనతో చెప్పాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఏప్రిల్ నుంచి మొదలైంది. తమ్ముడు రావడం ఆలస్యమవుతోంది. చీటీలో టైముకే బయల్దేరుతున్నాడు, మూడు గంటల్లోనే వస్తున్నాడు, అయినా వచ్చేసరికి పొద్దు ఉండటం లేదు. మే నెలాఖరుకి మసక చీకట్లో గేటు దూరుతున్నాడు. మేం ఉండేది యార్డు వెనక రెండు గదుల్లో, నేనూ, తమ్ముడూ, వాడి భార్యా. ఒకరోజు కంచం ముందు కూర్చుని వాడే కదిపాడు.

"అక్కా, ఇక్కడ పొద్దు తొందరగా పోతోందే. మన పాత ఊళ్లో ఈ కాలంలో యార్డుకొచ్చి స్నానం చేసినా వెలుతురుండేది."

"ఎండాకాలంలో పగలు పెద్దదిరా. చిన్నపిల్లల్ని అడుగు, చెబుతారు. పైగా ఇక్కడ పాత ఊరి కంటే ఎండ రెట్టింపు. అంటే పగలు ఇంకా పెద్దదుండాలి."

"ఉండాలి. కానీ లేదు."

"పట్టికలో ఉంది."

"పట్టికలో ఉంది, పైన లేదు," అన్నాడు నవ్వుతూ. "మునిగాక మసక కూడా ఎంతోసేపు ఉండట్లేదు. దుప్పటి కప్పినట్టు కప్పేస్తోంది."

నా మరదలు గిన్నె దించుతూ, "వదినా, ఆ కాగితం కన్నా ఆయన కళ్లే నయమేమో. రోజూ చూసేది ఆయనేగా," అంది.

నాకు ముక్కుమీద కోపం. "ఆ కాగితం రాయడానికి నా కళ్లు పీక్కుపోయాయి. దారిలో ఎక్కడ కబుర్లు చెబుతూ ఆగుతున్నాడో వాణ్ణడుగు," అన్నాను. వాడు కంచం ఖాళీ చేసి లేచాడు.

నాకే లోపల తికమకగా ఉండేది. పట్టిక చూసి నాలుగూ ముప్పై అయిదుకి అలారం పెట్టుకుంటాను, పొద్దు పొడిచేసరికి పంపు ఆన్ చెయ్యాలని. లేచి కిటికీ తీస్తే చిమ్మచీకటి. గడియారం ముందుకి పోయిందన్నమాట అనుకుంటాను. సాయంత్రం ఆరూ నలభైకే సూర్యుడు మునిగిపోతాడు, పట్టికేమో ఏడూ ఇరవై అయిదంటుంది. గడియారం వెనక్కి పోయిందన్నమాట అనుకుంటాను. పొద్దున ముందుకీ సాయంత్రం వెనక్కీ పోయే గడియారం ఎక్కడైనా ఉంటుందా అని ఒక్కసారి అడిగుంటే బాగుండేది. అడగలేదు. గడియారం పట్టుకుని వాచీల పెద్దాయన కొట్టుకి పోయాను. మొదటిసారి, రెండోసారి.

తమ్ముడు పొద్దుతో పందెం వేసుకున్నట్టు రాళ్ల దారిలో పరిగెత్తించడం మొదలుపెట్టాడు. వారానికి రెండు స్ప్రింగులు విరిగాయి. మేనేజరుగారు నన్ను అడిగారు, నేను వాణ్ణి చెడామడా తిట్టాను. ఒకసారి చీటీ కన్నా ఇరవై నిమిషాల ముందు బయల్దేరబోతే స్టోర్‌కీపరు ఫోన్ చేశాడు, దానికీ తిట్టాను. జూన్ నాలుగున మొదటి హాల్టు పడింది. పదకొండున రెండోది. రిజిస్టర్లో కారణం రాసే గడిలో రెండుసార్లూ 'డ్రైవరు నిర్లక్ష్యం' అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. తమ్ముడని వెనకేసుకొచ్చానన్న మాట రాకూడదు కదా, అదీ నా గొప్ప.

రెండో హాల్టు తర్వాత ట్యాంకరు తనిఖీకి ఎక్కాను. క్యాబిను తలుపు లోపలివైపు సుద్దముక్కతో ఏవో అంకెలు గిలికి ఉన్నాయి, పైనుంచి కిందిదాకా, రెండు వరసల్లో. కంపెనీ బండి తలుపు మీద పిచ్చిగీతలేమిటని తడిగుడ్డ తెప్పించి నేనే తుడిచేశాను.

"అక్కా, అది..." అన్నాడు కిందనుంచి.

"నోర్ముయ్," అన్నాను. మూశాడు. వాడికి నా నోరంటే చిన్నప్పటి నుంచీ భయం.

జూన్ ఇరవైన పొద్దున చీటీ రాస్తున్నాను. ఏడూ ఇరవై అయిదులోంచి మూడు గంటలు, నాలుగూ ఇరవై అయిదు. వాడు బల్ల ముందు నిలబడి టోపీ నలుపుతున్నాడు.

"అక్కా, ఇవాళ చీటీలో ఒక గంట తగ్గించి రాయవా. ఒక్క రోజుకి."

"పట్టికలో లేనిది నేను రాయను."

"మూడోది పడితే ఏమవుతుందో తెలుసుగా."

"తెలుసు. అది నీకూ తెలియాలి. ఇంకోసారి మైదానంలో ఆగావంటే మూడో హాల్టు కూడా నా చేత్తోనే రాస్తాను. తమ్ముడివని చూడను."

వాడు చీటీ జేబులో పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "ఆగన్లే," అన్నాడు. కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు.

ఆ మాట మధ్యాహ్నం దాకా చెవిలో పురుగులా తిరిగింది. మనసు మనసులో లేదు. పోనీ ఈ గడియారం సంగతేదో ఇవాళ తేల్చుకుందామని నాలుగింటికి గోడమీంచి దించి సంచీలో వేసుకుని కొట్టుకి వెళ్లాను. ఇదే ఆ మూడోసారి.

వాచీల పెద్దాయన కొట్టు సందులో, మంచమంత ఉంటుంది. మూడు గోడల నిండా గడియారాలు, ఏ రెండూ ఒకే టైము చూపించవు. ఆయన నా గడియారం మూత తెరవను కూడా తెరవలేదు.

"ఇంతకీ దీని మీద నీ కంప్లయింటేమిటమ్మాయ్? ముందుకి పోతోందా, వెనక్కి పోతోందా?"

"రెండూనండి. పొద్దున ముప్పావుగంట ముందుకి. సాయంత్రం ముప్పావుగంట వెనక్కి."

ఆయన భూతద్దం నుదుటి మీదికి తోసుకుని నా మొహం చూశాడు. "అలా పోయే గడియారం నా నలభై ఏళ్లలో చూళ్లేదు. ఒకవైపు పోతే ఒకవైపే పోవాలి. సరే, మధ్యాహ్నం సంగతేంటి? మీ యార్డులో జెండా కర్ర ఉందిగా, దాని నీడ అన్నిటికంటే పొట్టిగా ఎప్పుడుంటుంది?"

"పన్నెండింటికి. మా వాచ్‌మన్ ఆ నీడ చూసే భోజనం డబ్బా విప్పుతాడు."

"మరింకేం. మధ్యలో సరిగ్గా ఉంది, రెండు చివర్లా ముప్పావుగంట చొప్పున పగలు తక్కువైంది. గడియారం గంటన్నర పగల్ని మింగదమ్మాయ్. నువ్వు దేన్ని చూసి ఇది తప్పంటున్నావు?"

"పట్టికని చూసి."

"అది ఎక్కడ రాసింది?"

"మా పాత యార్డులో. ఉత్తరాన."

ఆయన "కూర్చో," అన్నాడు. బల్లమీది దీపం వెలిగించాడు. దాహానికి పిండుకోవడానికి తెచ్చుకున్న నిమ్మకాయకి తల నుంచి అడుగు దాకా పొడుగాటి సూది గుచ్చాడు. పెన్నుతో దాని నడుముకి కాస్త పైన ఒక చుక్క, తిన్నగా దాని మీద ఇంకా పైన ఇంకో చుక్క పెట్టాడు. ఈయనకి మతి పోయిందనుకున్నాను.

"కింది చుక్క ఈ ఊరు. పై చుక్క మీ పాత ఊరు. దీపం సూర్యుడు." నిమ్మకాయ తల దీపం వైపు వాలేలా సూదిని వంచి పట్టుకుని మెల్లగా తిప్పాడు. "ఇది ఎండాకాలం. చూడు, ఏ చుక్క ముందు నీడలోకి పోతుందో."

కింది చుక్క పోయింది. పైది ఇంకా వెలుతుర్లోనే ఉంది. ఇంకాస్త తిప్పితే అప్పుడు పోయింది. మళ్లీ ఇటు వచ్చేటప్పుడు పైదే ముందు వెలుతుర్లోకొచ్చింది.

"మీ పాత ఊరికి పొద్దు ముందు పొడిచింది, ఆలస్యంగా కుంకింది. ఈ ఊరికి తక్కువ."

"అదెలాగండి? ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది కదా. ఎండ ఎక్కువున్నచోట పగలెక్కువ కావాలి."

"ఎండ ఎంత గట్టిగా కొడుతోందన్నది వేరు, ఎంతసేపు కొడుతోందన్నది వేరు. ఇక్కడ నెత్తిమీద నిలబడి కొడుతుంది, తొందరగా పోతుంది. అక్కడ పక్కనుంచి ఏటవాలుగా, చాలాసేపు కొడుతుంది. ఇసుక రెండుచోట్లా ఇసుకే. అది చూసి సూర్యుడు టైము పెట్టుకోడు."

నా బుర్ర వేడెక్కిపోయింది. ఒక మాట అర్థమైతే ఇంకో మాట జారిపోతోంది. "అయితే చలికాలంలో మరి పొద్దు ఎక్కువసేపు ఎందుకుంది? అప్పుడు పట్టిక కన్నా ఆలస్యంగా కుంకేదండి."

ఆయన సూదిని అటువైపుకి వాల్చాడు. నిమ్మకాయ తల దీపానికి దూరంగా పోయింది. తిప్పితే ఈసారి పై చుక్కే ముందు నీడలో పడింది. "చలికాలం తిరగబడుతుంది. పైకి పోయేకొద్దీ ఎండాకాలం పగలు మరీ పొడుగు, చలికాలం పగలు మరీ పొట్టి. కిందికొచ్చేకొద్దీ తేడా తగ్గుతుంది. మధ్యలో రెండు రోజులు మాత్రం..." అంటూ సూదిని దీపానికి పక్కగా వాల్చి తిప్పాడు. రెండు చుక్కలూ ఒకేసారి నీడలోకి జారాయి. "మార్చిలో ఒకటి, సెప్టెంబర్లో ఒకటి. ఆ రోజు ఏ ఊరి పట్టికైనా ఏ ఊరికైనా సరిపోతుంది."

మార్చి మూడో వారం. మేనేజరుగార్ని పిలిచి మరీ చూపించిన రోజు.

టైమెంతయిందో చూద్దామని తలెత్తాను. మూడు గోడలూ మూడు రకాలుగా చెబుతున్నాయి. సరైన గడియారం నా సంచీలో ఉంది. తీసి చూశాను. నాలుగూ నలభై. మేం నిమ్మకాయ తిప్పుతూ కూర్చున్నప్పుడే నాలుగూ ఇరవై అయిదు దాటిపోయింది.

క్వారీకి ఫోన్ చేశాను. స్టోర్‌కీపరు ఎత్తాడు.

"ట్యాంకర్ని ఆపండి. ఇవాళ అక్కడే ఉంచెయ్యండి, నేను చెబుతున్నాను."

"వదిలేశా మేడమ్. మీ చీటీ ప్రకారం నాలుగూ ఇరవై అయిదుకి. ఒక్క నిమిషం కూడా ముందు వదల్లేదు, మళ్లీ మీరు తిడతారని."

దారిలో ఫోనులకి సిగ్నల్ ఉండదు. మేనేజరుగారు జీపు వేసుకుని స్ప్రింగులు కొనడానికి పోయారు, తమ్ముడి ట్యాంకరుకే. ఫోన్ చేస్తే ఏడు లోపు వస్తానన్నారు. యార్డులో మిగిలింది వాచ్‌మన్ సైకిలు. అద్దె కార్లవాళ్లని ముగ్గుర్ని బతిమాలాను. మైదానం పేరు చెప్పగానే ముగ్గురూ తల అడ్డంగా ఊపారు. చివరికి గేటు దగ్గర గడియారం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మరదలు వచ్చి పక్కన నిలబడింది. ఏమైందని అడిగితే అంతా చెప్పాను. ఆమె వెళ్లి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. తిట్టి ఉంటే బాగుండేది.

సూర్యుడు మునిగేటప్పుడు చూశాను. ఆరూ నలభై. వాడు సరిగ్గా అప్పుడే రాళ్ల దారి దిగి మైదానంలోకి వస్తుంటాడు. ఇంకో ఇరవై నిమిషాల్లో వాడికి డ్రమ్ములు కనపడవు. నియమం ప్రకారం ఆగితే వాడికేమీ కాదు. ఆగరా, ఆగరా నాయనా అని లోపల లోపలే నెత్తీ నోరూ కొట్టుకున్నాను. పొద్దున ఆగితే ఊరుకోనన్న నోరు అదే.

ఆరూ యాభైకి జీపొచ్చింది. మేనేజరుగారు దిగుతూనే ఆకాశం చూశారు.

"పట్టిక తప్పు సార్. పొద్దు కుంకిపోయింది, చూడండి. పట్టిక ఇంకా ముప్పై అయిదు నిమిషాలుందంటోంది."

"పదకొండేళ్ల పట్టిక తప్పేంటమ్మా?" ఆయన తన చేతి వాచీ చూసుకున్నారు, విదిలించి చెవి దగ్గర పెట్టుకున్నారు.

"మీ వాచీ బాగానే ఉంది సార్. నడవండి, దారిలో చెబుతాను."

దారిలో పిడికిలి బిగించి నిమ్మకాయలా తిప్పి చూపించాను. ఆయనకి ఒక్క ముక్క ఎక్కలేదు, నేనూ సరిగ్గా చెప్పలేదు. పదిహేను నిమిషాలు డ్రమ్ములు పట్టుకుని పోయాం. ఆపైన తర్వాతి డ్రమ్ము కనపడలేదు. జీపు ఆపేశాం. దీపాలు వేసి ఉంచి, హారను కొడుతూ నిలబడ్డాం.

అప్పుడు కనపడ్డాయి, రెండు దీపాలు. మాకు ఎదురుగా కాదు, బాగా ఎడమకి, కదులుతున్నాయి. వాడు ఆగలేదు. డ్రమ్ముల వరస ఎప్పుడో వదిలేశాడు. నేను హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆ దీపాలు కాసేపు నెమ్మదిగా వచ్చాయి. ఒక్కసారి రెండూ ఆకాశం వైపు లేచాయి. ఆ తర్వాత లేవు.

మేనేజరుగారు టార్చి పట్టుకుని ముందు నడిస్తే నేను వెనక జీపు నడిపాను. నాకు నడపడం సరిగ్గా రాదు, అయినా నడిపాను. ట్యాంకరు వాగు గట్టు విరిగి పక్కకి ఒరిగి ఉంది. తమ్ముడు బయటే, చక్రానికి చేరబడి కూర్చుని, ఎడమ చేతిని కుడి చేత్తో పొదివి పట్టుకున్నాడు. టార్చి వెలుతురు మొహాన పడితే కళ్లు చికిలించి నన్ను పోల్చుకున్నాడు.

"ఆగలేదక్కా," అన్నాడు.

నేను వాడి కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. నలభై ఆరేళ్ల మనిషిని, మేనేజరుగారి ముందు అలా ఏడుస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

చెయ్యి రెండుచోట్ల విరిగింది. కట్టు కట్టి ఆరు వారాలు కదపొద్దన్నారు. మర్నాడు పొద్దున నేను యార్డుకి వెళ్లి రిజిస్టరు తీశాను. రెండు హాల్టుల దగ్గరా 'డ్రైవరు నిర్లక్ష్యం' కొట్టేసి, పక్కన 'పట్టిక ఈ ఊరిది కాదు. తెచ్చి గోడకి తగిలించింది టైమ్‌కీపరు' అని రాసి సంతకం పెట్టాను. మేనేజరుగారు చదివి, "ఇది పైకి వెళితే నీ ఉద్యోగానికే ఎసరమ్మా," అన్నారు.

"వెళ్లనివ్వండి సార్. వాడి ఉద్యోగం మాత్రం పోకూడదు."

పైనుంచి జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. హాల్టులు రెండూ కొట్టేశారు. తమ్ముడు కట్టు విప్పాక మళ్లీ ఆ దారి మీదే నడపొచ్చన్నారు. నన్ను తీసెయ్యలేదు గానీ, గోడమీద పాతది తీసేసి ఈ ఊరికి కొత్త పట్టిక తయారయ్యేదాకా చీటీలు మేనేజరుగారే రాస్తారన్నారు. కొత్త పట్టిక అంటే ఎక్కడో దొరికేది తెచ్చి అతికించడానికి నాకు ధైర్యం చాల్లేదు. సూర్యుణ్ణి చూసి రాసుకోవాలి, రోజుకి రెండుసార్లు, ఏడాది పొడుగునా. రాసుకుంటానన్నాను.

ఆ సాయంత్రం కొత్త నోటుబుక్కూ పెన్నూ పట్టుకుని వాడి మంచం దగ్గరికి వెళ్లాను. మరదలు వాడికి అన్నం కలిపి పెడుతోంది. నన్ను చూసి కుర్చీ జరిపింది.

"తలుపు మీద సుద్దతో రాసుకున్నావే, అవేంట్రా?" అన్నాను. నాకు తెలుసు. వాడి నోటితో వినాలనిపించింది.

"పొద్దు ఎప్పుడు మునుగుతోందో రోజూ రాశాను. నువ్వు నమ్మట్లేదు కదా, నెల రోజులవి చూపిస్తే నమ్ముతావని." ముద్ద మింగి మళ్లీ అన్నాడు. "నువ్వు తుడిచిన రోజే చూపిద్దామనుకున్నా."

నోటుబుక్కు తెరిచి గీతలు కొట్టాను. తారీకుకి ఒక గడి, పొడిచే వేళకి ఒకటి, కుంకే వేళకి ఒకటి. పాత పట్టికలో లేని గడి ఇంకొకటి కూడా గీశాను. చూసినవాళ్లు అని దాని మీద రాశాను.

"గుర్తున్నాయా?"

"కొన్ని. మే ఇరవై నుంచి గుర్తున్నాయి. రాసుకో. మే ఇరవై, ఆరూ ముప్పై. ఇరవై ఒకటి, అంతే. ఇరవై రెండు, ముప్పై ఒకటి."

వాడు కళ్లు మూసుకుని ఒక్కొక్కటే చెబుతుంటే నేను రాస్తూ పోయాను. కొన్ని రోజులు మర్చిపోయాడు, వాటికి గడి ఖాళీగా వదిలేశాను. జూన్ ఇరవై దగ్గరికొచ్చేసరికి వాడు ఆగాడు.

"ఆ రోజు నేను చూళ్లేదక్కా. దారే చూస్తున్నా."

"నేను చూశాను," అన్నాను. ఆరూ నలభై అని రాసి, చూసినవాళ్ల గడిలో పైనుంచీ వాడిదే రాసుకుంటూ వచ్చిన చోట, ఆ ఒక్క రోజుకి నా పేరు రాశాను.